పిల్లల తెలివికి కొలబద్ద వెతికిన బినే

పిల్లాడి కళ్ల ముందు ఒక అగ్గిపుల్ల వెలిగించి అటూ ఇటూ కదిలిస్తారు. ఆ వెలుగు వెంట వాడి చూపు వెళ్తోందా? తర్వాత రెండు చిన్న ముక్కలు పెడతారు. ఒకటి చాక్లెట్, ఇంకొకటి చెక్క. ఏది తినేదో వాడికి తెలుస్తోందా? ఆపైన తినే ముక్కను కాగితంలో చుట్టి ఇస్తారు. విప్పి తింటాడా, కాగితంతో సహా నోట్లో పెట్టుకుంటాడా? 1905లో పారిస్‌లో తయారైన 30 చిన్న పరీక్షల వరసలో మొదటి మెట్లు ఇలా ఉంటాయి. పైకి వెళ్లేకొద్దీ కష్టమవుతాయి. ఈగకూ సీతాకోకచిలుకకూ తేడా ఏమిటి అని అడుగుతారు. చివరి మెట్టు మీద విసుగుకూ విచారానికీ తేడా చెప్పమంటారు. అది మనలో ఎంతమందిమి ఠక్కున చెప్పగలమో!

ఈ వరస కట్టింది అల్‌ఫ్రెడ్ బినే. ఆయనకు తోడు థియొడోర్ సైమన్ అనే యువ డాక్టరు. మీ ఇంట్లో టెట్‌కో డీఎస్సీకో చదివినవాళ్లుంటే అడిగి చూడండి, బినే-సైమన్ పేర్లు నిద్రలో లేపినా చెబుతారు. బినేను ఐక్యూ పితామహుడని కూడా రాస్తుంటారు. అది మాత్రం సరికాదు. ఐక్యూ అనే అంకె ఆయన పోయిన తర్వాత పుట్టింది. బతికుంటే దానికి ఒప్పుకునేవారు కారని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే ఆయన జీవితంలోకి కాస్త వెళ్లాలి. పిల్లల్ని పరీక్షకు తీసుకొచ్చే అమ్మానాన్నలకూ, పరీక్ష చేసే మాలాంటివాళ్లకూ అందులో పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

లా చదివి, మెడిసిన్ మానేసి

బినే 1857 జులై 8న నీస్ నగరంలో పుట్టారు. అప్పటికి ఆ ఊరు ఇంకా ఫ్రాన్స్‌లో కలవలేదు. తండ్రి డాక్టరు, తల్లి చిత్రకారిణి. వాళ్లిద్దరూ విడిపోవడంతో ఆ ఒక్కగానొక్క కొడుకు ఎక్కువగా తల్లి దగ్గరే పెరిగారు. పారిస్‌లో చదువుకుని 1878లో లా పట్టా అందుకున్నారు. ప్రాక్టీసు మాత్రం చేయలేదు. మెడిసిన్ మొదలుపెట్టి దాన్నీ మధ్యలో వదిలేశారు. ఇప్పటికీ ఆసుపత్రుల్లో వాడుతున్న పరీక్షలకు మూలపురుషుడు మెడిసిన్ మానేసిన మనిషి కావడం మా వృత్తివాళ్లకు కాస్త గుచ్చుకునే విషయమే. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది లేదు కాబట్టి పారిస్ జాతీయ గ్రంథాలయంలో కూర్చుని సైకాలజీ పుస్తకాలు చదివారు. గురువు లేని చదువు అది.

గురువు 1883 ప్రాంతంలో దొరికారు. సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో అప్పటికి యూరప్ అంతటా పేరున్న నరాల వైద్యుడు. ఆయన దగ్గర బినే సుమారు ఏడేళ్లు ఉన్నారు. అక్కడ హిస్టీరియా రోగుల మీద హిప్నటిజం ప్రయోగాలు జరిగేవి. చార్లెస్ ఫేరే అనే సహచరుడితో కలిసి బినే ఒక వింత విషయం ప్రకటించారు. హిప్నటిజంలో ఉన్న మనిషి దగ్గర అయస్కాంతం పెడితే పక్షవాతం కుడి చేతి నుంచి ఎడమ చేతికి మారిపోతుందని! బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ డెల్బోఫ్ స్వయంగా వచ్చి చూశారు. ఏం జరగాలని పరీక్షకులు అనుకుంటున్నారో ఆ రోగి ముందే అంతా మాట్లాడుకుంటున్నారు. ఆమె అదే చేసి చూపిస్తోంది. అయస్కాంతం పని అందులో ఏమీ లేదు.

బినే కొన్నాళ్లు వాదించారు. తర్వాత తప్పు ఒప్పుకున్నారు, అదీ నలుగురి ముందు. ఆ దెబ్బ ఆయన్ను జీవితాంతం మార్చేసింది. మనం అడిగే తీరును బట్టి, మన ముఖం చూసి కూడా ఎదుటివాళ్ల జవాబు మారిపోతుందన్న సంగతి ఆయన మళ్లీ మరచిపోలేదు. 1900లో దాని మీదే ఒక పెద్ద పుస్తకం రాశారు. పిల్లల పరీక్ష గురించి తర్వాత ఆయన పెట్టిన జాగ్రత్తలన్నీ ఇక్కడే మొలకెత్తాయి.

ఇద్దరు కూతుళ్లు, రెండు నడకలు

1884లో బినేకు పెళ్లయింది. భార్య లార్, జీవశాస్త్రవేత్త బాల్బియాని కూతురు. 1885లో మేడ్లిన్, 1887లో ఆలిస్ పుట్టారు. సాల్పెట్రియేర్‌లో ఎదురుదెబ్బ తిన్న మనిషి ఇంట్లో కూతుళ్లను గమనించడం మొదలుపెట్టారు. నడక నేర్చుకునేటప్పుడు పెద్దపిల్ల ఆచితూచి అడుగేసేది. పట్టుకోవడానికి కుర్చీయో బల్లో అందుబాటులో ఉంటేనే కదిలేది. చిన్నపిల్ల నవ్వుకుంటూ గది నడిమధ్యకు దూసుకెళ్లి పడేది. ఇద్దరూ నడక నేర్చుకున్నారు. ఒకే ఇంట్లో, ఒకే అమ్మానాన్నలకు పుట్టిన ఇద్దరు ఇంత తేడాగా ఉంటే, పిల్లలందరినీ ఒకే గీతతో ఎలా కొలుస్తామన్న ప్రశ్న ఆయనకు అప్పుడే వచ్చింది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆ రోజుల్లో తెలివిని కొలవాలంటే ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్, అమెరికాలో జేమ్స్ కాటెల్ చూపించిన దారే దారి. చూపు ఎంత సూక్ష్మం, శబ్దం వినగానే ఎంత వేగంగా చెయ్యి కదిలిస్తారు, ఇలాంటివి కొలిచేవారు. బినే తన చిన్నపిల్లలకు రెండు గీతలు చూపించి ఏది పొడవో అడిగితే దాదాపు పెద్దవాళ్లతో సమానంగా చెప్పేశారు. అంటే పిల్లలకూ పెద్దలకూ అసలు తేడా అక్కడ లేదు. అదే కత్తి అంటే ఏమిటి, గుర్రం అంటే ఏమిటి అని అడిగితే తేడా తెలుస్తుంది. చిన్నపిల్లలు ఆ వస్తువుతో ఏం చేస్తామో మాత్రమే చెబుతారు. తెలివి చూడాలంటే అర్థం చేసుకోవడం, గుర్తుంచుకోవడం, పోల్చి చూడటం లాంటి పనులే ఇవ్వాలన్న ఆలోచన ఆ ఇంటి హాల్లో పుట్టింది.

1891లో ఆయన సోర్బాన్ విశ్వవిద్యాలయంలోని సైకాలజీ ప్రయోగశాలలో జీతం లేకుండా చేరి, కొన్నేళ్లకే దాని అధిపతి అయ్యారు. 1894లో పురుగుల నాడీవ్యవస్థ మీద డాక్టరేట్ తీసుకున్నారు. కళ్లకు గంతలు కట్టుకుని చదరంగం ఆడేవాళ్లను, నోటితోనే పెద్ద పెద్ద లెక్కలు చేసేవాళ్లను పరీక్షించారు. సైకాలజీకి ఒక వార్షిక పత్రిక ప్రారంభించారు. తీరిక వేళల్లో పారిస్ నాటకశాలలకు భయానక నాటకాలు కూడా రాసేవారు! ఇన్ని చేసినా ఫ్రాన్స్‌లో ఆయనకు ప్రొఫెసర్ పదవి ఎవరూ ఇవ్వలేదు.

ఈ మధ్యలో తలల కొలతల జోలికీ వెళ్లారు. తల పెద్దదైతే తెలివి ఎక్కువని అప్పట్లో చాలామంది నమ్మకం. టీచర్లు బాగా తెలివైనవాళ్లని, బాగా వెనకబడ్డవాళ్లని చెప్పిన పిల్లల తలలు బినే టేపుతో, పరికరాలతో కొలిచారు. తేడా మిల్లీమీటర్లలో వచ్చింది. అదీ నికరంగా లేదు. పైగా ఏ పిల్లాడు మందమతో ముందే తెలిసి కొలిస్తే తన చెయ్యే తెలియకుండా తక్కువ కొలుస్తోందేమోనని అనుమానం వచ్చింది. మళ్లీ కొలిచారు. అనుమానం నిజమైంది. దాన్ని కూడా దాచకుండా అచ్చు వేశారు.

ఒకే బిడ్డకు మూడు పేర్లు

ఫ్రాన్స్‌లో 1882 నుంచి 6 నుంచి 13 ఏళ్ల పిల్లలందరికీ చదువు తప్పనిసరి చేశారు. అంతవరకు బడి మొహం చూడని పిల్లలు తరగతుల్లోకి వచ్చారు. వాళ్లలో కొందరికి ఎంత చెప్పినా పాఠం ఎక్కడం లేదు. ఏం చేయాలి? మానసిక చికిత్సాలయాలకు అనుబంధంగా పెట్టాలని కొందరు డాక్టర్లు, బడిలోనే ప్రత్యేక తరగతులు తెరవాలని మరికొందరు. 1904లో ప్రభుత్వం లియోన్ బూర్జువా అధ్యక్షతన ఒక సంఘం వేసింది. బినే అందులో సభ్యులు. సరైన పరీక్ష లేకుండా ఏ బిడ్డనూ మామూలు బడి నుంచి తీసి ప్రత్యేక తరగతికి పంపకూడదని సంఘం తీర్మానించింది. అంతవరకు బాగానే ఉంది. ఆ పరీక్ష ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు.

బినే, సైమన్ పాత సర్టిఫికెట్లు తిరగేశారు. సైమన్ పారిస్ దగ్గర పెరే-వోక్లూజ్ చికిత్సాలయంలో వెనకబడిన పిల్లల్ని చూసిన డాక్టరు కాబట్టి ఆ కాగితాలు ఆయనకు అలవాటే. ఒకే పిల్లాణ్ని ఒక ఆసుపత్రి డాక్టరు ఇడియట్ అని రాస్తే, కొద్దిరోజుల తేడాతో ఇంకో ఆసుపత్రి డాక్టరు ఇంబెసైల్ అని, మరొకరు ఇంకో మాట రాశారు. ఇప్పుడవి మనకు తిట్లు. అప్పుడవి వైద్య పదాలే. తిట్టు సంగతి పక్కన పెట్టినా, ఒకే బిడ్డ రాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాడన్న దాన్ని బట్టి మారిపోవడం బినేకు మింగుడు పడలేదు. ఎవరు చేసినా ఒకేలా చేసే, ఎక్కువ సమయం పట్టని, బడి చదువు మీద వీలైనంత తక్కువ ఆధారపడే పరీక్ష కావాలి. మొదట్లో చెప్పిన 30 మెట్లు అలా వచ్చాయి. తయారీలో చూసిన మామూలు పిల్లలు సుమారు 50 మందే. చాలా తక్కువని వాళ్లకూ తెలుసు.

పరీక్ష ఎలా చేయాలన్న దాని మీద వాళ్లు పెట్టిన షరతులు నాకు ప్రశ్నల కంటే విలువైనవిగా అనిపిస్తాయి. గది నిశ్శబ్దంగా ఉండాలి. బిడ్డ భయపడుతుంటే తెలిసినవాళ్లెవరైనా పక్కన ఉండొచ్చు కానీ నోరు మెదపకూడదు. నవ్వుతూ పలకరించాలి, తప్పు చెప్పినా కసురుకోకూడదు, జవాబు అందించకూడదు. మా ఓపీల్లో ఒక బిడ్డను పరీక్షిస్తుంటే వెనక పదిమంది తొంగి చూస్తుంటారు, అమ్మ పక్క నుంచి జవాబు చెప్పేస్తుంటుంది. పాపం, ఆమె ఆదుర్దా ఆమెది. కానీ అలా వచ్చిన ఫలితం బిడ్డది కాదు, గది మొత్తానిది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ పరీక్ష ఒంటరిగా చేసేది కాదు. ముందు టీచరు జాబితా ఇవ్వాలి. తొమ్మిదేళ్ల లోపు బిడ్డ తన వయసు పిల్లల కంటే చదువులో రెండేళ్లు, తొమ్మిది దాటాక మూడేళ్లు వెనకబడి ఉంటేనే అనుమానించాలి. అందులోనూ జబ్బు వల్లో ఇంటి ఇబ్బందుల వల్లో బడి మానేసిన రోజులుంటే వాటిని మినహాయించాలి. తర్వాత మెట్ల పరీక్ష. ఆపైన డాక్టరు చూడాలి. చూపు, వినికిడి పరీక్ష ఎంత అవసరమో బినే పదేపదే రాశారు. బోర్డు కనిపించని పిల్లాడు మొద్దు అనిపించుకోవడం ఆయన కళ్లారా చూశారు. టీచర్లే చేయగలిగిన చూపు పరీక్షను బడుల్లోకి తేవడానికి కూడా పాటుపడ్డారు. టీచరు మాట ఒక్కటే నమ్మి పిల్లల్ని పంపేయకూడదని ఆయన పట్టుదల. అల్లరి పిల్లల్ని వదిలించుకోవడానికి ప్రత్యేక తరగతి మంచి సాకు అవుతుందని ఆయనకు తెలుసు.

1908లో ఈ పరీక్షను మార్చారు. రెండు వందల మందికి పైగా పారిస్ బడిపిల్లల్ని చూసి, మూడేళ్ల నుంచి పదమూడేళ్ల వరకు ఏ వయసు పిల్లలు ఏది చేయగలరో పేర్చారు. మూడేళ్లకు ముక్కు, కళ్లు, నోరు చూపించాలి. అయిదేళ్లకు చతురస్రం చూసి గీయాలి. ఆరేళ్లకు కుడి చెయ్యి, ఎడమ చెవి చూపించాలి. మానసిక స్థాయి అన్న మాట ఇక్కడే వచ్చింది. తర్వాత అది మానసిక వయసు అయ్యింది. ఆరేళ్లకు రెండు ముఖాల బొమ్మలు చూపించి ఏది అందంగా ఉందో అడిగేవారు. ఎవరి కంటికి అందం అని మనం ఈరోజు అడుగుతాం. అడగాల్సిందే.

బ్రస్సెల్స్‌లో డెక్రోలీ అనే డాక్టరు ఇవే ప్రశ్నలు కలిగినవాళ్ల పిల్లలు చదివే ప్రైవేటు బడిలో అడిగితే వాళ్లు పారిస్ పిల్లల కంటే బాగా ముందున్నారు. పారిస్‌లో బినే చూసింది ఎక్కువగా పేదవాడల పిల్లల్ని. తేడాకు ఇల్లు, ఇంట్లో మాట్లాడే మాట కూడా కారణమేనని బినే గుర్తించారు. ప్రశ్నల్ని 1911లో మళ్లీ సవరించారు.

స్టాచ్యూ ఆట

పారిస్‌లో గ్రాంజ్ ఓ బెల్ వీధిలో ఒక బడి ఉండేది. హెడ్‌మాస్టరు వానే సాయంతో 1905లో బినే అక్కడే ఒక చిన్న ప్రయోగశాల తెరిచారు. పరీక్షించి జాబితాలు రాయడంతో తన పని అయిపోయిందని ఆయన అనుకోలేదు. ప్రత్యేక తరగతుల్లోకి వచ్చిన పిల్లలకు పాఠాల కంటే ముందు కుదురుగా కూర్చోవడం, వినడం, చూడటం నేర్పాలన్నారు. అందుకు ఆయన వాడిన ఆటల్లో ఒకటి మన పిల్లలు వీధుల్లో ఆడుకునే స్టాచ్యూ లాంటిదే. సైగ చేయగానే ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా ఆగిపోవాలి. ఇంకోటి, నీళ్లు నిండుగా ఉన్న గ్లాసును ఒలకకుండా ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల దగ్గరికి మోసుకెళ్లడం. వంకర తిరిగిన కాలును కసరత్తుతో సరిచేసినట్టు మనసుకూ కసరత్తు ఉంటుందని ఆయన వాదన. తెలివి అనేది పుట్టుకతో వచ్చిన గట్టి రాయి, దాన్ని పెంచడం కుదరదు అన్నవాళ్ల మీద ఆయన 1909లో వచ్చిన పుస్తకంలో గట్టిగానే విరుచుకుపడ్డారు. అదే ఏడాది ప్రత్యేక తరగతుల కోసం ఫ్రాన్స్‌లో చట్టం వచ్చింది.

1911 అక్టోబరు 18న పారిస్‌లో బినే కన్నుమూశారు. వయసు 54. పరీక్ష మూడో రూపం వచ్చిన ఏడాదే ఆయన పోయారు.

అంకె పుట్టిన తర్వాత

ఏడాది తిరక్కముందే, 1912లో, జర్మనీకి చెందిన విలియం స్టెర్న్ మానసిక వయసును అసలు వయసుతో భాగించమన్నారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ టెర్మన్ 1916లో దాన్ని వందతో గుణించి, ప్రశ్నల్ని పెంచి, స్టాన్‌ఫర్డ్-బినే పరీక్ష తెచ్చారు. ఐక్యూ అలా స్థిరపడింది. ఏయే పనులు చేయగలిగాడు, ఎక్కడ ఆగాడు అన్న వివరమంతా ఒక్క అంకెలోకి కుదించుకుపోయింది.

అంతకంటే ముందే హెన్రీ గొడార్డ్ బినే పరీక్షను న్యూజెర్సీలోని వైన్‌లాండ్‌కు తీసుకెళ్లి ఇంగ్లిష్‌లోకి మార్చారు. బినే సాయం కోసం వెతికిన పిల్లల్లో గొడార్డ్ సమాజానికి ప్రమాదాన్ని చూశారు. తెలివి వంశపారంపర్యమని, మారదని, అలాంటివాళ్లు పిల్లల్ని కనకూడదని ఆయన వాదించారు. నౌకల్లో వచ్చి న్యూయార్క్ దగ్గర ఎల్లిస్ ద్వీపంలో దిగిన వలసజనానికి కూడా ఈ పరీక్షలు పెట్టించారు. వారాల ప్రయాణంతో అలసిపోయినవాళ్లు, భాష రానివాళ్లు, కొందరైతే పెన్సిల్ ఎప్పుడూ పట్టనివాళ్లు. వాళ్లలో ఎక్కువమంది తప్పారంటే ఆశ్చర్యమేముంది? తర్వాత కాలంలో గొడార్డ్ తన అభిప్రాయాలు చాలావరకు మార్చుకున్నారు. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

వర్జీనియా రాష్ట్రంలో కారీ బక్ అనే అమ్మాయి కథ ఇక్కడ చెప్పాలి. తల్లి ఎమ్మా అప్పటికే ప్రభుత్వ ఆశ్రమంలో ఉంది. పెంపుడింట్లో ఉన్న కారీ అత్యాచారానికి గురై 1924లో ఆడపిల్లను కన్నది. పెంచినవాళ్లు ఆమెను కూడా అదే ఆశ్రమానికి చేర్చారు. స్టాన్‌ఫర్డ్-బినే పరీక్షలో కారీ మానసిక వయసు 9, తల్లిది 8 లోపు అని తేల్చారు. మూడు తరాల బుద్ధిమాంద్యం అని చూపించాలి కదా, అందుకు చంటిపిల్ల వివియన్‌ను కూడా లెక్కలోకి తెచ్చారు. ఆ పిల్లకు అప్పటికి ఏడెనిమిది నెలలు. ఒక సామాజిక కార్యకర్త ఆ పిల్లను చూసి, ఏదో తేడాగా ఉందని కోర్టులో చెప్పింది. అంతే పరీక్ష. 1927లో అమెరికా సుప్రీంకోర్టు 8-1 తేడాతో కారీకి బలవంతంగా సంతాన నిరోధక ఆపరేషన్ చేయడాన్ని సమర్థించింది. ఆపరేషన్ జరిగింది. ఆ దేశంలో అలాంటి చట్టాల కింద మొత్తం 60 వేల మందికి పైగా ఆపరేషన్లు జరిగాయి.

వివియన్ బడికి వెళ్లింది. మామూలుగా చదివింది. 1931లో బాగా చదివే పిల్లల గౌరవ జాబితాలో ఆమె పేరుంది. మరుసటి ఏడాది, ఎనిమిదేళ్ల వయసులో, పేగుల ఇన్ఫెక్షన్‌తో చనిపోయింది. కారీ 1983 దాకా బతికింది. వృద్ధాప్యంలో ఆమెను కలిసినవాళ్లకు ఆమెలో బుద్ధిమాంద్యం ఏమీ కనిపించలేదు.

సైమన్ 1961 వరకు ఉన్నారు. ఐక్యూ అనే అంకె తమ పరీక్ష ఉద్దేశానికి జరిగిన ద్రోహమని ఆయన చివరిదాకా భావించారు.

మన దగ్గర

మనదేశంలో ఈ పరీక్షకు సొంత వారసులున్నారు. లాహోర్‌లో హెర్బర్ట్ రైస్ 1929లో హిందుస్తానీ రూపం తెచ్చారు. వి.వి.కామత్ మరాఠీ, కన్నడ పిల్లల కోసం సవరించి 1940లో ప్రచురించారు. బినే-కామత్ పరీక్ష పేరుతో అది ఇప్పటికీ చాలా ఆసుపత్రుల్లో ఉంది. సదరం శిబిరానికి మేధో వైకల్యం సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్ల చేతి రిపోర్టులో తరచూ ఆ పేరు కనిపిస్తుంది. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మొదలైన జాతీయ సంస్థ ఈ పిల్లల అంచనా, శిక్షణల కోసమే ఏర్పడింది.

మీ పిల్లలకు మాత్రం ఎక్కువగా ఎదురయ్యేవి ఇంతకంటే చిన్న పరీక్షలు. తిరువనంతపురంలో తయారైన చార్టు ఉంది. రెండేళ్ల లోపు పిల్లలకు, 17 అంశాలతో. బిడ్డ వయసు దగ్గర పెన్సిల్ నిలువుగా పెట్టి, దానికి ఎడమ వైపున్న పనుల్లో ఏదైనా బిడ్డ చేయలేకపోతే పెద్ద పరీక్షకు పంపుతారు. అయిదారు నిమిషాల పని, అంగన్‌వాడీలో కూడా చేయొచ్చు. ఆటిజం అనుమానానికి 16 నుంచి 30 నెలల పిల్లల తల్లిదండ్రుల్ని 20 ప్రశ్నలు అడిగే పద్ధతి మరొకటి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వస్తాయి. అనుమానం ఉన్నవాళ్లను జిల్లాల్లోని డైక్ సెంటర్లకు పంపుతాయి.

ఇలాంటి పరీక్ష వల ఉద్దేశపూర్వకంగానే పెద్దగా ఉంటుంది. ఏ బిడ్డా జారిపోకూడదని. అందుకని అందులో పడినవాళ్లలో చాలామందికి చివరికి ఏ లోపమూ ఉండదు. అలాగే పరీక్ష దాటిన ప్రతి బిడ్డకూ ఇక భయం లేదనీ కాదు. కాబట్టి తేడా ఉందన్న కాగితం చూడగానే కంగారుపడి ఇంట్లో దాచేయకండి. డాక్టరు దగ్గరికి రండి. మేం ముందు చూసేవి బినే చూడమన్నవే. చూపు, చెవులు. అవసరమైతే బెరా. ఆపైన థైరాయిడ్, రక్తహీనత. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపాన్ని మొదటి వారాల్లోనే పట్టుకుని మందు మొదలుపెడితే మేధో వైకల్యం రాకుండా ఆపగలం. తరగతిలో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే పిల్లలుంటారు. పిలిచినా పలకరు, వెంటనే మామూలైపోతారు. పరధ్యానమని టీచరు కోప్పడతారు. అది ఒకరకం మూర్ఛ కావచ్చు. ఈఈజీలో తెలుస్తుంది, మందులతో చాలావరకు అదుపులో ఉంటుంది. చక్కగా మాట్లాడుతూ, లెక్కలు నోటితో చెబుతూ, అక్షరాలు చదవడంలో మాత్రమే తడబడేవాళ్లుంటారు. వాళ్ల తెలివికి లోటు లేదు, చదివించే పద్ధతి మార్చాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని కూడా గుర్తించింది.

పెద్ద పరీక్షకు తేదీ ఇచ్చాక బిడ్డకు నిద్ర సరిపోయేలా, కడుపు నిండా తినేలా చూడండి. జలుబు, జ్వరం ఉంటే తేదీ మార్చమని అడగండి. ఇంట్లో ఏ భాష మాట్లాడితే ఆ భాషలోనే పరీక్ష చేయమనండి. కళ్లజోడు, వినికిడి యంత్రం ఉంటే పెట్టుకుని రావాలి. వాడుతున్న మందులు, కాన్పు నాటి కాగితాలు, రెండు మూడు స్కూలు నోటుపుస్తకాలు వెంట తెచ్చుకోండి. ఫలితం వచ్చాక అంకెతో పాటు ఏ పనులు చేయగలిగాడు, ఏవి చేయలేకపోయాడు, ముందు ఏం నేర్పాలి అన్నవి కాగితం మీద రాసివ్వమని అడగండి. మళ్లీ పరీక్ష ఎప్పుడో కూడా అడిగి రాయించుకోండి.